అదను చూసి

ఫైటింగ్ గేమ్‌లో దూరం నుంచి నిప్పుబంతి విసిరితే నస్రత్ సులువుగా దాని మీంచి దూకేస్తుంది. అందుకే చీరాల పోటీ ఫైనల్లో ఆమె తమ్ముడు వాసిం అదను కోసం ఆగాడు. ఒక్కటే విసిరాడు. నస్రత్ దగ్గి తలెత్తేసరికి ఆమె బొమ్మ తెరమీద కూలిపోయి ఉంది.

"సరిగ్గా ఎప్పుడు కొట్టాలో నీకెట్టా తెలుస్తుందిరా?" అని నవ్వబోయి మళ్లీ దగ్గింది. చేతిరుమాలు మీద నెత్తురు కనిపించింది.

"దగ్గు ఎన్నాళ్ల నుంచమ్మా?" ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది.

"మిర్చి తొడిమలు తీసేవాళ్లందరికీ ఉండేదేనండి. రెండ్రోజులైంది."

"నాలుగు నెలలండి," అన్నాడు వాసిం తలెత్తకుండా. "ముందు భుజాలు బిగుసుకుంటాయి. తర్వాత కళ్లు మూసుకుంటుంది. నేను కొట్టేది అప్పుడేనండి."