ఏసీ ఆపిన తర్వాత

రాధిక కూతురికి మూడో నెల. మే ఎండలకు పాప ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. సరిగ్గా అప్పుడే ఏసీ చెడిపోయింది. జగిత్యాలలో ఏ మెకానిక్‌కు ఫోన్ చేసినా రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి పక్కింటావిడ ఇచ్చిన నంబరుకు చేస్తే, చీకటి పడ్డాక చాంద్ పాషా వచ్చాడు.

మెయిన్ ఆపి, ఫోన్ వెలుగులో ఏసీ మూత విప్పాడు. ఫ్యాన్ కూడా ఆగిపోయింది. ఉక్కకు పాప లేస్తుందని రాధిక భయపడింది. పాప లేవలేదు. కిటికీలు మూసే ఉన్నాయి. అయినా పాప నుదుటి మీది వెంట్రుకలు ఊగుతున్నాయి. కాసేపు ఆగి, మళ్లీ ఊగుతున్నాయి. ఊగినప్పుడల్లా సన్నగా గాజుల చప్పుడు. రాధిక చేతులకు గాజుల్లేవు.

"ఇంట్ల ఇంకెవరున్నరు బిడ్డా?" చాంద్ పాషా గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవ్వరు లేరు చాచా." రాధిక మంచం పక్కన ఖాళీ జాగా వైపు చూసింది. "ఎండకాలమంత పుట్టే బిడ్డకు ఇసనకర్రతోని ఇసురుకుంట కూసుంట అన్నది మా అమ్మ. కాన్పుకు ముందే పోయింది."

అతను చప్పుడు కాకుండా స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

రాధిక వంగి మెల్లగా అంది. "అమ్మా, చెయ్యి గుంజుతది. జరసేపు ఆపే."

గాజుల చప్పుడు ఆగింది. పాప కదిలి, మూతి ముడిచి, ఏడవబోయింది.

గాజులు మళ్లీ మోగాయి.