చుక్కి అడిగిన గుంట

“రెండు చేతుల పట్టవే ఉడుతా, బాదంకాయ కొట్టవే ఉడుతా…” ఆ పైన ఏముండేదో ఉడుతవ్వకు గుర్తులేదు. గుర్తున్న ముక్క కూడా పాడబోయి ఆపేసింది. మనవరాలు చుక్కికి పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది మరి. రోజూ దానికి కాయ ఒలిచిపెట్టేది అవ్వే. “నేను పోతే దీనికెవరు ఒలిచిపెడతారు?” అదే ఆమె బెంగ.

చివరికి వడ్రంగిపిట్టను పిలిచింది. “పేరులోనే వడ్రంగివి కదా నాయనా, దీనికో చెక్క చెయ్యి చెక్కిపెట్టు.”

పిట్ట ముచ్చటైన చెయ్యి చెక్కి తెచ్చాడు. చుక్కి తొడుక్కుని రెండు గెంతులేసి విప్పేసింది. “అబ్బ, బరువు మామా!”

“మరి నీకేం కావాలే?” అన్నాడు పిట్ట. అంతవరకూ ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు.

“కాయ జారిపోకుండా కొమ్మకో గుంట.”

టకటకమని గుంట తయారైంది. చుక్కి అందులో కాయ పెట్టి, పొట్టి చేత్తో అదిమి, ఒక్క కొరుకుతో చీల్చింది. అవ్వ నోరు తెరుచుకుని చూసింది. రెండు చేతులుండి తనెన్నడూ అంత ఒడుపుగా ఒలవలేదు.

చుక్కి నములుతూ అంది: “అవ్వా, నీ కొమ్మకీ ఒకటి కొట్టించనా? నీ చేతులు వణుకుతున్నాయిగా!”