నాలుగో బెల్టు

"సీటు మాత్రం ముట్టుకోవద్దు బాబూ," అన్నాడు పెద్దాయన కారు దిగుతూనే.

దిగడమంటే మాటలు కాదు. మనిషి ఆరడుగులు, సీటేమో స్టీరింగుకు ఆనుకుని ఉంది. ముందు ఒక కాలు, తర్వాత తల, ఆ తర్వాత రెండో కాలు, మడతమంచం విప్పినట్టు ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. మెకానిక్ నవ్వు ఆపుకున్నాడు.

"కాస్త వెనక్కి జరుపుకోవచ్చు కదండీ?"

"వద్దు. టైమింగ్ బెల్టు మార్చు. నాలుగింటికల్లా బండి కావాలి."

ఇంజను చక్రాల మీద తిరిగే ఆ పళ్ల బెల్టు ఏటా మార్చేది కాదు. ఒకసారి వేస్తే ఐదారేళ్లు నిశ్చింతగా నడుస్తుంది. ఈయన మాత్రం వరుసగా మూడో ఏడు, సరిగ్గా అదే తేదీన వచ్చాడు. మూత విప్పితే, నిరుడు మెకానిక్ తన చేత్తో రాసిన తేదీ లోపల చెక్కుచెదరకుండా ఉంది. బెల్టుకు ఒక్క పన్ను అరగలేదు, ఎక్కడా బీట లేదు.

ఆయన షరతులు ఇంకా విచిత్రం. రేడియో పెట్టకూడదు. అద్దం తిప్పకూడదు. సర్వీసు స్టిక్కరు అంటించకూడదు. పాత బెల్టును మాత్రం కాగితంలో చుట్టి పట్టుకుపోతాడు.

విడిభాగాల కౌంటరు చూసుకునే మెకానిక్ భార్యకు మొదటినుంచీ అనుమానమే. బండి దొంగదేమో అని మొగుడి చెవిలో ఊదింది. దొంగబండికి కొత్త బెల్టు వేయించే దొంగ ఎక్కడైనా ఉంటాడా అని అతను కొట్టిపారేశాడు. పారేశాడే గాని, ఆ సంగతేమిటన్న ప్రశ్న రెండేళ్లుగా అతని బుర్రనూ తొలిచేస్తూనే ఉంది.

పాత బెల్టు తీసేముందు, అది తిరిగే చక్రాల మీద తెల్లరంగుతో గుర్తులు పెడుతూ మాట కలిపాడు.

"ఇలా గుర్తు పెట్టుకుంటే మళ్ళీ ఎక్కడిది అక్కడే కూర్చుంటుందండీ. కావాలంటే మీ సీటుకూ ఇలాగే గుర్తు పెట్టి జరుపుతాను."

"వద్దయ్యా. ఒక్క పన్ను తేడా వచ్చినా కనిపెట్టేస్తుంది."

"ఇంజనా?"

"మా అమ్మాయి."

మెకానిక్ రంగు కుంచె పక్కన పెట్టాడు. పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చుని, ఎవరో ఒకరికి చెప్పాల్సిందే అన్నట్టు చెప్పాడు.

బండి కూతురిది. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు కింద పార్కింగులో పెట్టి పైకెళ్తే, మళ్ళీ ఐదింటికే దిగుతుంది. ఆయన కొనిచ్చిన కారే. ఇల్లు విడిచి వెళ్లిపోయిన రోజు, రెండో తాళంచెవిని మేకుకే వదిలేసింది. ఇప్పటిదాకా అడగలేదు.

అప్పట్లో ఆయనకూ సొంత కారుండేది. బెల్టు మార్చాలని ఎవరో మెకానిక్ చెబితే, వచ్చే నెల చూద్దాంలే అన్నాడు. ఆ నెల తిరక్కుండానే భార్యకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, వంతెన మీద బెల్టు తెగింది.

"చిన్న చప్పుడైనా చేయలేదు బాబూ."

"చేయదండీ," అన్నాడు మెకానిక్. "పొగ రాదు, లైటు వెలగదు. తెగిన మరుక్షణం పైన వాల్వులు, కింద పిస్టన్లు గుద్దుకుంటాయి. ఇక ఇంజను లేవదు."

"అమ్మాయి వెనక సీట్లో వాళ్లమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అంబులెన్సు వచ్చేసరికి ముప్పావుగంట. 'వచ్చే నెల అన్నావుగా నాన్నా' అంది. నాతో అదే ఆఖరి మాట."

ప్రతి ఏడూ అదే తేదీ ఎందుకో మెకానిక్ ఇక అడగలేదు. పాత బెల్టులేం చేస్తారని మాత్రం అడిగాడు.

"మా ఆవిడ ఫొటో ముందు పెడతాను. ఈసారి వచ్చే నెల అనలేదని తనకు తెలియాలిగా."

"అమ్మాయిగారికి కూడా తెలిస్తే బాగుంటుంది కదండీ?"

"తెలిస్తే తాళంచెవి ఇచ్చెయ్యమంటుంది. అప్పుడు నాకు ఈపాటి కూడా మిగలదు."

దొంగ అన్న నోటితోనే మెకానిక్ భార్య ఆయన్ను టీ తాగి వెళ్లమని బతిమాలింది.

నాలుగో ఏడు, ఆ తేదీకి ముందురోజు పెద్దాయన ఫోన్ చేశాడు. మోకాళ్లు బొత్తిగా వంగడం లేదని, ఆ ఇరుకులో తాను కూర్చోలేనని, మెకానిక్కే వచ్చి బండి తీసుకెళ్లాలని అడిగాడు.

"ఈ మోకాళ్ల సంగతి మా చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దాని నోట్లో నువ్వుగింజ నానదనుకో," అని నవ్వాడు.

మర్నాడు తొమ్మిదికి ముందే ఇద్దరూ పార్కింగులో ఒక స్తంభం చాటున నిలబడ్డారు. తన భార్య ఇప్పుడు చూస్తే తననూ దొంగ అంటుందని మెకానిక్‌కు నవ్వొచ్చింది. అంతలో కారొచ్చి ఎప్పటి చోటనే ఆగింది. అమ్మాయి ఎంత పొట్టిదంటే, స్టీరింగు పైనుంచి ముఖం సగమే కనిపిస్తోంది. దిగి తలుపు వేయబోతూ ఆగి, మళ్ళీ లోపలికి వంగింది.

"ఏదో మరిచిపోయింది," అని గుసగుసలాడాడు పెద్దాయన. "చిన్నప్పటినుంచీ అంతే."

ఆమె చేతిలోకి కొత్తగా ఏమీ రాలేదు. తలుపు వేసి, అటూ ఇటూ చూడకుండా లిఫ్టు వైపు వెళ్లిపోయింది.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక పెద్దాయన చేతికర్ర ఆనించుకుంటూ వెళ్లి కారు తాళం తీశాడు. తలుపు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఎంతకీ కదలకపోయేసరికి మెకానిక్ గాభరాగా దగ్గరికెళ్లి, ఆయన పక్కనుంచి లోపలికి తొంగిచూశాడు.

సీటు వెనక్కి జరిపి ఉంది.