ఆరు గంటల బస్సు

“డ్రైవరు లేకపోతే బస్సు లేదు. బస్సు లేకపోతే సాయంత్రం బడీ లేదు. సోమవారం నుంచి మూసెయ్యండి” అన్నాడు కెట్నర్. జిల్లా విద్యాశాఖ అధికారి ఆయన. కూర్చోమన్నా కూర్చోలేదు.

క్యాంటీన్ బల్లల చుట్టూ లెక్కలు చేసుకుంటున్న పిల్లల పెన్సిళ్లు ఆగిపోయాయి.

“కాసేపు ఆగండి. ఎర్లీన్ గారు పరీక్షకి వెళ్లారు. లైసెన్సుతోనే వస్తారు” అన్నాడు ప్రిన్సిపాల్ స్ట్రౌడ్.

“ఎవరూ, ఇక్కడ వంట చేసే ముసలావిడా?”

“మా అమ్మమ్మ!” అంటూ లేచింది జెరికా. చేతిలో అట్టతో చేసిన రాకెట్టు ఉంది, జిగురు ఇంకా ఆరలేదు. “పత్తి తీసే మిషను తోలింది తెలుసా! మీ కారు దాని కిందనుంచి దూరిపోతుంది.”

పిల్లలంతా గొల్లుమన్నారు. కెట్నర్ మాత్రం నవ్వలేదు.

“చూడమ్మాయ్. ఇది పేదపిల్లల బడి కాబట్టి వాషింగ్టన్ నుంచి గ్రాంటు వస్తోంది. మీ టీచర్ల జీతాలు, మీ తిండి, ఆ రాకెట్టుకి జిగురు, అన్నీ అందులోంచే. కానీ చదువయ్యాక ప్రతి పిల్లనీ ఇంటికి చేర్చాలని షరతు. పాత డ్రైవరు మానేశాడు. పక్క ఊరి నుంచి అరువు తెచ్చుకున్నవాడు ఇవాళ్టితో ఆఖరు. మీకు చేతకాకపోతే ఆ డబ్బు తీసుకోడానికి వేరే స్కూళ్లు కాచుకుని ఉన్నాయి.”

“మా అమ్మ చేపల ఫ్యాక్టరీ నుంచి చీకటిపడ్డాక గానీ రాదు” అంది వెనక బల్ల మీది పిల్ల. “అప్పటిదాకా నేనెక్కడుండాలి?”

కెట్నర్ సమాధానం చెప్పేలోగా బయట ట్రక్కు చప్పుడైంది.

“వచ్చేసింది!”

ఒక్కసారిగా బెంచీలు వెనక్కి జరిగాయి. కిటికీల దగ్గర తోపులాట. నెలరోజులుగా వాళ్లే ఆవిడకి పాఠాలు చెప్పారు మరి! అద్దం ఎలా సర్దుకోవాలి, పిల్లలు దిగేటప్పుడు వెనక బళ్లు ఆగడానికి ఎర్రదీపం ఎప్పుడు వెయ్యాలి, అన్నీ బల్ల మీద కంచాన్ని స్టీరింగు చేసి నేర్పించారు. ఆవిడ తప్పు చెబితే గుంజిళ్లు తీయిస్తామని బెదిరించారు కూడా.

ఎర్లీన్ లోపలికొచ్చింది. మోకాళ్లదాకా బురద.

“పాసా, మిస్ ఎర్లీన్? పాసేనా?”

ఆవిడ బెంచీ మీద కూలబడింది. “తప్పానర్రా.”

జెరికా రాకెట్టు చేతపట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

“ఎక్కడ తప్పావే?” అని నిలదీసింది.

“రైలు పట్టాల దగ్గర.”

“అది బాగా వచ్చుగా నీకు! బస్సాపాలి, తలుపు తియ్యాలి...”

“చెవి పెట్టి వినాలి!” అందరూ ఒకేసారి అరిచారు.

“అన్నీ చేశానే. ఆపాను, తలుపు తీశాను, విన్నాను. దూరంగా కూత వినిపించింది. రైలొస్తోంది. చూద్దును కదా, పట్టాల మధ్యలో కుక్క! హాయిగా పడుకునుంది.”

“హారన్ కొట్టలేకపోయావా?”

“ఊరు లేచిపోయేలా కొట్టాను. చెవుడనుకుంటాను దానికి, తోకైనా కదపలేదు. రైలు ముఖం కనిపిస్తోంది. పక్కసీట్లో పరీక్ష పెట్టేవాడు ‘దిగొద్దు, దిగొద్దు’ అని అరుస్తున్నాడు.”

“దిగావా?” పిల్లలు బల్లలెక్కేశారు.

“దిగకేం చేస్తాను? పరిగెత్తాను, కాలు జారి పక్క కాలవలో పడ్డాను, లేచాను, దాన్ని చంకనేసుకుని దూకాను. రైలు నా లంగా ఎగిరిపోయేలా వెళ్లింది!”

“బతికిందా?”

“బతక్కేం! అదెవరిదోనని ఇంటింటికీ తిరిగేసరికే ఇంతసేపయింది. నా ట్రక్కులో కూచుని మీ సాయంత్రం రొట్టెలు తింటోంది.”

కేకలు, ఈలలు, చప్పట్లు. జెరికా అమ్మమ్మని వాటేసుకుంది. జిగురు రాకెట్టు ఆవిడ జుట్టుకి అతుక్కుపోయింది. తప్పిన సంగతి కాసేపు ఎవరికీ గుర్తులేదు.

కెట్నర్ గొంతు సవరించుకున్నాడు. “బస్సులో పిల్లలుంటే డ్రైవరు దిగి పోకూడదు. పరీక్ష పెట్టినాయన మిమ్మల్ని తప్పించడం న్యాయమే.”

“న్యాయమే బాబూ” అంది ఎర్లీన్ తలొంచుకుని. “వాడూ అదే అన్నాడు. నేను కాదన్లేదు. మళ్లీ పరీక్షకి వెళ్లాలంటే ఎన్నాళ్లు ఆగాలో! ఈలోగా ఈ పిల్లలు...” కళ్లు తుడుచుకుంది.

కెట్నర్ టోపీ పెట్టుకున్నాడు. “నాకు మాత్రం సరదానా? కానీ సోమవారం సాయంత్రం ఆరింటికి ఆ బస్సు ఎవరో ఒకరు తోలాలి కదా!”

“నేను తోలతాను” అన్నాడు స్ట్రౌడ్.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో టై. ఆయన బస్సెక్కడమే ఎవరూ చూడలేదు.

“ప్రిన్సిపాల్ గారూ, ఇది వేళాకోళాలాడే సమయం కాదు. మీకు బస్సు లైసెన్సు ఎక్కడిది?”

స్ట్రౌడ్ చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి ఎర్లీన్ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

“ఏమీ అనుకోకండి, ఎర్లీన్ గారూ. మీరు నెగ్గితే ఈ సంగతి ఎప్పటికీ బయటపెట్టకూడదనుకున్నాను. మీ మీద నమ్మకం లేక నేనూ పరీక్షకి వెళ్లాననుకుంటారేమోనని మీకు కనపడకుండా కారులో నక్కి కూర్చున్నాను. ఇవాళ మీరు దిగిన ఆ బస్సే మీ తర్వాత నేనెక్కాను... పట్టాల మీద కుక్క లేదు!”