నా ఎంబడి రా

"హీల్ చెయ్యవేందే! చస్తున్న ఇక్కడ!" హెడ్‌సెట్‌లో ఆశీష్ అరిచాడు.

సైనిక్‌పురి గేమింగ్ సెంటర్‌లో సెమీఫైనల్. ఈ రౌండ్ పోతే ఆశీష్, హదస్సా, వాసు ముగ్గురూ ఇంటికే. ఆశీష్ కెప్టెన్. ఆటలో గాయాలు మాన్పే హీలర్ పాత్ర హదస్సాది.

"గోడ దాటి ఒక్కడివే ఉరికినవ్. కనబడకపోతే ఎట్ల చేస్తా? ఎనక్కి రా."

"నన్ను బతికించుడే నీ పని. నా ఎంబడి రా!"

హదస్సా వెళ్లలేదు. ఆశీష్ పాత్ర కూలిపోయింది. ఆమె తన శక్తినంతా పక్కనే పోరాడుతున్న వాసు మీద పెట్టింది. వాసు నిలబడి రౌండ్ గెలిపించాడు.

ఆశీష్ హెడ్‌సెట్ విసిరికొట్టాడు. "కావాలనే చంపినవ్."

"అవును. నీ ఎంబడి వస్తే నేను సుత చస్తుంటి. ఇంక వాసును ఎవరు బతికిస్తరు?"

"ఇయ్యాల్టితో నువ్వు టీమ్‌ల లేవు."

"సరే. మ్యాచ్ అయితే పూర్తి చెయ్."

ఆఖరి రౌండ్ మొదలైంది. కాసేపటికి ఆశీష్ మొదటిసారి ఆగి, హదస్సా ఎక్కడుందో చూశాడు. ఇద్దరు శత్రువులు ఆమె మీదికి వస్తున్నారు. తిట్టుకుంటూనే వెనక్కి పరిగెత్తి, ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నీ కోసం కాదు," అన్నాడు.

"తెల్సు. జెర కదలకుండ ఉండు, హీల్ చేస్త," అంది హదస్సా.

ఆశీష్ కదలలేదు.