పుర్రె బొమ్మ సీసా

"ఆ సీసా ఇవాళే బయటికి పోవాలి. లేదా పిల్లలు నా ఇంటికి రావాలి. రెంట్లో ఏదో తేల్చుకో."

గదీజా గుమ్మంలోనే నిలబడి అంది. చేతులకింకా కేకు పిండి అంటుకునే ఉంది. మిచెల్స్ ప్లెయిన్ పేటలో తన ఇంటి పెరట్లో కొడుకు కోసం వేయించిన చెక్క గది అది. ఒక మంచం, పిల్లల పరుపు, స్టవ్, బీరువా. బీరువా మీద తాళం వేసిన రేకు పెట్టె. ఆవిడ చూపంతా ఆ పెట్టె మీదే.

కోడలు ఫాల్డీలాకి నవ్వొచ్చింది. పెళ్ళై నాలుగు నెలలైనా తన సొంత గుమ్మంలోకి ఎవరైనా వస్తే ఆమెకి సరదాగానే ఉంటోంది, పోట్లాటకొచ్చినా సరే.

"రెండూ జరగవత్తయ్యా. కూర్చోండి, టీ పెడతాను."

"టీలో ఏం కలుపుతావో ఎవరికి తెలుసు!"

మంచం మీద బూట్లు తొడుక్కుంటున్న తాష్రీక్ పకపకా నవ్వాడు.

"నవ్వకురా. మీ నాన్న దగ్గి దగ్గి ఎలా పోయాడో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు కాబట్టే సిగరెట్లు మానేసి ఈ ఆవిరి పీల్చే గొట్టం పట్టుకున్నానమ్మా. దీన్లో పోసే రసం కొట్లో కొనాలంటే నా డ్రైవరు జీతం చాలదు. అందుకే ఇంట్లో కలుపుకోవడం. పెళ్ళయ్యాక ఆ సీసాని నన్ను ముట్టుకోనివ్వట్లేదు, అంతా ఫాల్డీయే."

"నువ్వొచ్చిన కొత్తలో వీడికి రోజూ తలనొప్పే," అంది గదీజా కోడలితో.

"కొత్త పెళ్ళాం అంటే అంతే కదమ్మా!"

ఈసారి గదీజాకీ నవ్వొచ్చింది, కానీ మింగేసింది. "అందులో నికోటిన్ ఉందిట. చుక్కలు చాలుట పసివాడి ప్రాణం మీదికి రావడానికి. వీధంతా అదే మాట."

వీధికి చెప్పిందెవరో ఫాల్డీలాకి తెలుసు. అత్తగారి చెవిన పడిన మాట మధ్యాహ్నానికల్లా మసీదు మలుపు దాటుతుంది.

"మొన్న మన చిన్నాడు ముజ్జు నా దగ్గు మందు మూత పళ్ళతో తీసేశాడు," అంది గదీజా. " పిల్లలు తీయలేని మూత అని దాని మీద రాసుంది!"

"తెలుసు. నేనొచ్చిన వారమే నా ముందు ఒకటి తీసి చూపించాడు." ఆ మాట అంటున్నప్పుడు ఫాల్డీలా మొహంలో నవ్వు లేదు.

"తెలిసీ ఉంచుతావా?"

"ఉంచుతాను."

"ఆ పిల్లల్ని కన్నతల్లి ఉంటే..."

"ఆమె లేదు, నేనున్నాను. వాళ్ళు నన్ను అమ్మా అని పిలుస్తున్నారు. ఎక్కడికీ పంపను."

"అయితే పారబొయ్యి!"

"పారబోస్తే నా గతేంటమ్మా?" తాష్రీక్ అడ్డొచ్చాడు. "అది రెండు గంటలు లేకపోతే నా చేతులు వణుకుతాయి. టాక్సీ స్టాండు పక్కనే విడి సిగరెట్లు అమ్ముతారు."

"విన్నారుగా," అంది ఫాల్డీలా. "సీసా ఉంటుంది, పిల్లలూ ఉంటారు. నేనెలా కలుపుతానో మీ కళ్ళతో చూడండి. తప్పు కనబడితే అప్పుడు తీసుకెళ్ళండి."

గదీజా కుర్చీ లాక్కుని కూర్చుంది, పరీక్ష పెట్టే పంతులమ్మలా.

ఫాల్డీలా కిటికీ తెరిచింది. టీ కప్పులు బయట పెట్టింది. బల్ల మీద పాత పేపరు పరిచి, చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు పెట్టుకుంది. మెళ్ళో గొలుసుకున్న తాళంచెవితో పెట్టె తీసింది. అత్తగారి దగ్గర తెచ్చుకున్న గ్లిజరిన్‌ని చిన్న తూకం మీద పెట్టిన ఖాళీ సీసాలో పోసింది. నికోటిన్ అని రాసున్న పుర్రె బొమ్మ సీసా ఎత్తినప్పుడు ఊపిరి బిగబట్టింది. గదీజా కూడా బిగబట్టింది. తర్వాత కాఫీ వాసన, ఘాటుకి కాస్త మెంతాల్.

"స్ట్రాబెర్రీ వెయ్యమంటే వెయ్యదమ్మా," అన్నాడు తాష్రీక్.

"పిల్లలకి నోరూరే వాసన ఈ ఇంట్లో కలపను."

అంతలో గుమ్మం బయట అడుగుల చప్పుడు. పాకం కారుతున్న కూసిస్టర్ మిఠాయి పట్టుకుని ముజ్జు లోపలికి దూసుకొస్తున్నాడు. వెనకనుంచి అక్క ఇల్హామ్ వాడి చొక్కా పట్టుకుని ఆపేసింది.

"అమ్మ చేతులకి తొడుగులుంటే గీత దాటకూడదు!"

గుమ్మానికి అడ్డంగా సుద్దతో గీసిన గీత గదీజా అప్పుడే చూసింది. దాని మీద ఇల్హామ్ పువ్వులు కూడా వేసింది. ముజ్జు గీత అవతలే కూలబడి వేళ్ళు నాక్కోవడం మొదలుపెట్టాడు.

ఫాల్డీలా పేపరూ తొడుగులూ సంచిలో మూటగట్టి బయట డబ్బాలో వేసి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. పెట్టెకి తాళం పడింది. అప్పుడు ముజ్జుని ఎత్తుకుని పాకం బుగ్గ మీద ముద్దు పెట్టింది.

తాష్రీక్ గొట్టం నింపుకుని పెరట్లోకి వెళ్ళి గట్టిగా పీల్చాడు.

"అబ్బ! నికోటిన్ అంటే ఇదీ! మా ఆవిడ చేతి ఘాటు కొట్లో దొరకదు!"

అతను పనికి వెళ్ళిపోయాక గదీజా లేచింది. "సరే, పిల్లల్ని ఉండనియ్. వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి చూస్తా." బల్ల మీది తన గ్లిజరిన్ సీసా తీసుకుని ఊపి చూసింది. "రేపు నిశ్చితార్థం కేకుంది. పై పూత మెత్తగా ఉండాలంటే నాకిది కావాలి. నువ్వేమో పట్టుకెళ్ళిన వారానికే సగం చేస్తావు. ఇంతెలా అయిపోతోందే?"

"ఆయన ఎక్కువ పీలుస్తాడత్తయ్యా."

గీత దాటబోయి గదీజా ఆగింది. "అంతా బాగానే ఉందమ్మా. మరి ఏదో ఒక రోజు ఆ తాళం వెయ్యడం మర్చిపోతే?"

"ఆ రోజు కూడా పిల్లలకేమీ కాదు."

"ఎంత పొగరే నీకు!"

"చాలా పొగరత్తయ్యా."

గొణుక్కుంటూ ఆవిడ పెరడు దాటేదాకా ఫాల్డీలా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తాళంచెవి గొలుసుని మెళ్ళోకి జారవిడిచి, బీరువా మీది పెట్టె వైపు చూసి కన్ను గీటింది.

తనొచ్చిన వారం ముజ్జు మూత తీసి చూపించిన ఆ రోజు నుంచీ పుర్రె బొమ్మ సీసాలో ఉన్నది అత్తగారి గ్లిజరినే.