ఆరని అట్టలు

"ఏందమ్మ గిది? నేలంత గీ రంగేంది?"

గుమ్మంలో నిలబడి అరిచాడు సిద్దిరాములు.

హరిచందన తలెత్తలేదు. అట్ట మీద బోర్లించిన కాగితపు గ్లాసును మెల్లగా పైకి తీసింది. లోపలున్న నీలం, తెలుపు, పసుపు ఒకదాన్నొకటి తోసుకుంటూ అట్టంతా పాకాయి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు "అబ్బ!" అన్నారు.

"నిన్నే అడుగుతున్న."

"ఆరాక గీకేస్తామండీ. క్లాసు జరుగుతోంది, మీరు వెళ్ళండి."

"పోయిన ఐతారం గూడ గదే చెప్పినవు. గీకినవా?"

ఆమె ఇంకో గ్లాసు అందుకుంది.

మేడ్చల్ దాటాక గౌడవెల్లి దారిలో కొత్తగా లేచిన కాలనీ అది. భర్త భానుతేజ పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక, అక్కడే ఉండే హరిచందన ఈ క్లాసు మొదలుపెట్టింది. చేతిలో పట్టేంత చిన్న జర్నల్స్, అంటే రాసుకునే పుస్తకాలు, చేయడం నేర్పుతుంది. అట్టల మీద అక్రిలిక్ రంగులు పోసి పారించాలి. అవి ఆరాక కాగితాలు మడిచి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టాలి. నగరంలోని సుచిత్ర సెంటర్ నుంచి కూడా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళలో సుస్మిత అప్పుడే తను చేసినవి అమ్ముకోవడం కూడా మొదలుపెట్టింది.

ఆదివారాలు కాలనీ కమ్యూనిటీ హాలు ఖాళీ. అందుకే క్లాసు అక్కడ.

ఈ ముసలాయన ఎవరో హరిచందనకు తెలీదు. కాలనీలో ఉండడు. పాత బండి మీద గౌడవెల్లి నుంచి వస్తాడు. వచ్చిన ప్రతిసారీ గొడవే.

"రంగు నీళ్ళు మోరీల పోయకుండ్రి. జామైతే ఎవలు దియ్యాలె?"

"బయటోళ్ళను గింతమందిని ఎందుకు పిలుస్తవు?"

"జల్దీ కానియ్యుండ్రి. పొద్దుగూకకముందే తాళమెయ్యాలె."

"ఎవరక్కా ఈయన?" అని అడిగింది సుస్మిత.

"వాచ్‌మన్ అనుకుంటా. దానికే ఇంత పొగరు!"

అతనికి వినపడాలనే గట్టిగా అంది. వినపడింది. అతను కిటికీలు వేసి వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే శామీర్‌పేట వైపు ఒక రిసార్ట్ వాళ్ళు జర్నల్స్ కావాలన్నారు. మొదటి పెద్ద ఆర్డర్. ఆదివారం పొద్దున్నే అందరూ కూర్చుని అట్టలన్నిటి మీదా రంగులు పోశారు. బోర్లించిన గ్లాసుల మీద ఒక్కో అట్టనూ ఆనించి, పొడవాటి బల్ల మీద వరసగా పెట్టారు. మర్నాటిదాకా కదపకూడదు.

సిద్దిరాములు రొప్పుతూ లోపలికొచ్చాడు.

"లేవుండ్రి! ఇవన్ని దియ్యుండ్రి!"

"ఆరలేదు. రేపటిదాకా ముట్టుకోకూడదు."

"రేపు గీపు లేదు. ఇప్పుడే దియ్యాలె. జల్దీ!"

"తియ్యం. ఏం చేస్తారు?"

అతను వంగి బల్లను రెండు చేతులా పట్టుకుని వెనక గదివైపు లాగాడు. గ్లాసులు ఊగాయి. అట్టలు జారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నీలం, పసుపు, ఎరుపు అన్నీ కలిసి బురదలా నేల మీదికి కారాయి.

సుస్మిత ఏడ్చేసింది.

"అరే... గా రూంల పెడదామని..." అన్నాడు సిద్దిరాములు.

"నోరు ముయ్యండి!" హరిచందన గొంతు హాలంతా మోగింది. "అసలు మీరెవరు? ఈ కాలనీలో మీకు ఇల్లుందా? వాకిలుందా? ఇంకోసారి ఈ హాల్లో అడుగుపెడితే పోలీసులను పిలుస్తాను!"

అతను రంగు అంటిన చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇగ రాను తియ్యమ్మ."

అతను వెళ్ళిపోయాడు. ఇక కుట్టేందుకు ఏమీ మిగల్లేదు. నేల అలాగే వదిలేసి ఆడవాళ్ళూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

మరుసటి ఆదివారం వచ్చేసరికి హాలుకు కొత్త తాళం వేసి ఉంది.

హరిచందన నేరుగా కాలనీ అధ్యక్షుడు చలపతిరావు ఇంటికి వెళ్ళింది.

"ఆ ముసలాయన చెప్పాడని తాళం వేశారా?"

"ఆయన చెప్పి ఉంటే తాళం పడేదే కాదమ్మా," అన్నాడు చలపతిరావు. "నేల పాడవుతోందని, బయటివాళ్ళు వస్తున్నారని, మీ క్లాసు ఆపమని మా కమిటీవాళ్ళు ఎప్పటినుంచో గొడవ. సిద్దిరాములు గారే అడ్డుపడేవారు. 'ప్రతి ఐతారం నేనే పోయి సూసుకుంట, నాది జిమ్మేదారి' అనేవారు."

"చూసుకోవడమా? వచ్చి మా మీద అరవడమేగా!"

"మీరు వెళ్ళాక నేలంతా గీకి కడిగేది ఎవరనుకున్నారు?"

హరిచందన తన గోళ్ళలో ఇరుక్కున్న రంగు వైపు చూసుకుంది.

"పోయినవారం కమిటీవాళ్ళంతా హాలు చూడ్డానికి బయల్దేరారని ఆయనకు ఫోన్ చేసింది నేనే. వాళ్ళొచ్చేలోపు సర్దేద్దామని పరుగెత్తారు. తీరా మేం వచ్చేసరికి నేలంతా రంగు బురద. మీ తరఫున మాట్లాడ్డానికి ఆయనా లేరు. మీటింగు పెట్టి హాలు జిమ్ వాళ్ళకి అద్దెకిచ్చేశారమ్మా. అగ్రిమెంటు కూడా అయిపోయింది."

"మీటింగుకి ఆయన్ని పిలవాల్సింది కదండీ..."

"పిలిచాను. 'గా అమ్మ నన్ను రావద్దన్నది సార్, నేనెట్ల వస్త' అన్నారు."

ఆమె కళ్ళు దించుకుంది. అయినా ఒక్క సంగతి మింగుడుపడలేదు.

"ఒక వాచ్‌మన్ మాట మీద మీ వాళ్ళంతా ఇన్నాళ్ళు ఎలా ఆగారండీ?"

చలపతిరావు ఆమెవైపు వింతగా చూశాడు.

"వాచ్‌మన్ ఏమిటమ్మా! ఆడవాళ్ళు నలుగురు కూర్చుని ఏదో ఒక పని నేర్చుకోవాలని, ఆ హాలు కట్టుకోమని తన పొలంలోంచి జాగా ఊరికే రాసిచ్చిన మనిషి ఆయన."